సమస్య: “లెక్క లేని దెల్ల లెక్క కెక్కె”

నిర్వాహకులు: ఒక మిత్రుడు నిన్న “అది లెక్కలోనిది కాదులెండి” అని తేల్చివేసిన తీరుకు నవ్వు వచ్చి, ఈ పాదం ఇస్తున్నాను. ఇదే చివరి పాదంగా, మీ మీ కలంపేర్లతో పద్యం పూరించండి.

అరసున్న:
సున్న యనుచు నవ్వి చూడక పోయిరి
ఒకటి చెంత జేరి యొదిగి నిలువ
పదియు నూఱు వేయి పైపైని పెరిగెను
లెక్క లేని దెల్ల లెక్క కెక్కె

గణవిభజన: అరసున్నగారు సున్ననే ఎత్తుకుంటారని ముందే అనుకున్నాను. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు కూడికకు, తీసివేతకు నియమాలు చెప్పిన నాడే సున్న లెక్కకెక్కింది. పైగా ఉన్నది ఒక్క సున్న అయినప్పుడు “ఎల్ల” దేనికి? సమస్యలోని ప్రతి పదానికీ పని కల్పించాలని గత నెల నాకు బోధించినవారు తమరే.

అరసున్న: నూటికి రెండు సున్నలు, వేయికి మూడు కావాలి కదండీ. “ఎల్ల” అక్కడ ఉంది.

గణవిభజన:
గాలి కెగురు పోచ గడ్డిలో నొక్కటి
దాని నెవ్వ రడుగు దారి లోన
పేనినంత మోకు, మదగజం బాగెను
లెక్క లేని దెల్ల లెక్క కెక్కె

అరసున్న: భావం హితోపదేశంలోనిదే, తప్పులేదు. కానీ నా “ఎల్ల”ను వెదకిన కళ్లకు తమ మూడవ పాదంలో “పే”కు “మ” యతి (పాదం తొలి అక్షరానికి నడుమ రావలసిన జోడు) చెల్లదని తోచలేదా?

నిర్వాహకులు: “పెనుగజం” అంటే సరిపోతుంది. మదం పోయినా ఏనుగు మిగులుతుంది.

తుమ్మెద:
నింగి చుక్క లన్ని నెల లేని రాతిరి
పాప యొకటి రెండు పలుక సాగె
వ్రేళ్ళు పదియు నిండె, వెంటనే నిదురించె
లెక్క లేని దెల్ల లెక్క కెక్కె

నిర్వాహకులు: ఇదీ విరుపు! “వాడొక లెక్కా” అన్నప్పుడు విలువలేమిని చెప్పే మాటే, “లెక్కలేనన్ని” అన్నప్పుడు అపారతను చెబుతుంది. మొదటి ఇద్దరూ మొదటి అర్థం దగ్గరే ఆగిపోగా, తుమ్మెదగారు రెండవదానిని పట్టుకుని, పది వ్రేళ్ళతో ఆకాశమంతటినీ ముగించారు.

అరసున్న: “చుక్కలన్ని” అని ద్వితీయా విభక్తి (ని, ను) లేకుండా వదిలారే?

నిర్వాహకులు: జడానికి, అంటే ప్రాణం లేనిదానికి, ద్వితీయార్థంలో ప్రథమ చెల్లుతుంది, విడిచిపెట్టండి.

గణవిభజన: పద్యం బాగుందని ఒప్పుకుంటున్నాను. అయితే రెండర్థాల మాటలతో తుమ్మెదగారి చెలిమి పాతదే. పోయిన సమస్యలో నన్ను “అగణ్యుడు” అని పొగిడారు. లెక్కకందనివాడిననా, లెక్కింపదగనివాడిననా? నేను ఆటలో అరటిపండునని చాలామంది అర్థం చేసుకున్నారు.

తుమ్మెద: అయ్యా, “అగ్రగణ్యుడు” అనే వ్రాయబోయాను. ఆ పాదంలో ఒక్క గురువుకు చోటు చాలక “గ్ర”ను విడిచాను. తమరు దానిని లెక్కచేయరనుకున్నాను.