లేసు అల్లే ఆడవాళ్ల కళ్లద్దాలకు కంపెనీల నిధులు: చిన్న సంఘం ఎవరిని, ఎలా అడగాలి?

నరసాపురం కార్యదర్శి:

అందరికీ నమస్కారం. మాది నరసాపురం దగ్గర ఒక చిన్న మహిళా సేవా సంఘం. 2018లో సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించాం. ఆఫీసంటూ వేరే లేదు. మా ఇంటి వసారాలో ఒక బీరువా, రెండు బల్లలు. ఏటా రెండు లక్షల రూపాయల దాకా ఖర్చు పెడతాం. అదంతా ఊళ్లోవాళ్లు, బంధువులు ఇచ్చిందే. లెక్కలు ప్రతి సంవత్సరం ఆడిట్ చేయిస్తున్నాం. ఆదాయపు పన్ను చట్టం కింద సంఘం ఆదాయానికి మినహాయింపునిచ్చే 12ఏ నమోదు ఉంది, దాతలకు మినహాయింపునిచ్చే 80జీ లేదు.

మా పని లేసు అల్లే ఆడవాళ్ల కళ్ల గురించి. ఈ చుట్టుపక్కల మధ్యాహ్నం పూట ఏ అరుగు మీద చూసినా నలుగురైదుగురు లేసు అల్లుతూ కనిపిస్తారు. నలభై దాటితే చత్వారం వస్తుంది. వచ్చిందని చాలామంది పైకి చెప్పరు. అద్దాలు పెట్టుకుంటే ఉన్న చూపు కూడా పోతుందని కొందరి భయం. తెల్ల దారమైతే ఎలాగో నెట్టుకొస్తారు. నల్ల దారమో ముదురు ఎరుపో వచ్చిందంటే పీట గుమ్మం దగ్గరికి జరుగుతుంది, పని కళ్లకు దూరంగా, చెయ్యి చాచినంత దూరానికి వెళుతుంది. ఒక్కచోట అల్లిక తప్పితే వరసలకు వరసలు విప్పుకోవాలి. చూసుకోకుండా ఇచ్చేస్తే ఏజెంటు ఆ ముక్క వెనక్కి పంపుతాడు, కూలి రాదు. మా వీధిలో ఒకావిడ కొన్నేళ్లుగా రంగు దారమే ముట్టుకోవడం లేదు. ప్లస్ రెండు పవరు అద్దాలు పెట్టగానే నల్ల దారం ఉండ అడిగి తీసుకుని, మా ముందే ఒక పువ్వు అల్లి ఇచ్చింది. ఆవిడకు ఇన్నేళ్లూ అడ్డుపడింది రెండు వందల రూపాయల వస్తువు. నాకు ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదంటే నమ్మండి.

మా దగ్గర ఆరు వందల మంది పేర్లు రాసి ఉన్నాయి. ఇప్పటికి వందమందికి కూడా చేయలేకపోయాం. కంపెనీల ఫౌండేషన్లను అడగమని అందరూ అంటున్నారు. పెద్ద ఫౌండేషన్ ఒకదానికి ఉత్తరం రాస్తే, సీఎస్ఆర్-1 నంబరు (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు తీసుకునే సంస్థలకు ఇచ్చే నమోదు నంబరు) లేనిదే దరఖాస్తు తీసుకోమన్నారు. ఈలోగా ఒక కన్సల్టెంటు వచ్చి, నలభై లక్షలకు ప్రాజెక్టు రాసిస్తాను, కంటి పరీక్షల వ్యాను కూడా పెడదాం, వచ్చినదాంట్లో పది శాతం నాకివ్వండి అంటున్నారు. మా కమిటీలో ఇద్దరు ఒప్పుకుందామంటున్నారు. నాకు మనసు రావడం లేదు. ప్రాజెక్టు ఇంగ్లీషులోనే రాయాలా? మాలాంటి వాళ్లకు నిజంగా ఇస్తారా? తెలిసినవారు చెప్పండి.

పాలకొల్లు ఆడిటర్:

కాగితాల సంగతి ముందు చెప్తాను మేడమ్. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, అంటే సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) పేరిట, కంపెనీలు ఇచ్చే డబ్బు తీసుకోవాలంటే మీలాంటి సొసైటీకి 12ఏ, 80జీ రెండూ ఉండాలి. అదే తరహా పని కనీసం మూడేళ్లు చేసినట్టు రుజువు ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి వీటికి తోడు సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకోవడం తప్పనిసరి. అది కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో వేయాలి, దానికి ప్రభుత్వ రుసుము లేదు. సంఘం తరఫున సంతకం చేసేవారికి డిజిటల్ సంతకం కావాలి, ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంటు గానీ కంపెనీ సెక్రటరీ గానీ కాస్ట్ అకౌంటెంటు గానీ ధ్రువీకరించాలి. ముందు 80జీ వేయండి, అది చేతికొచ్చాక సీఎస్ఆర్-1. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో కూడా నమోదు చేసుకోండి, చాలా కంపెనీలు ఆ నంబరు అడుగుతాయి. ఏటా సొసైటీల రిజిస్ట్రారుకు ఇవ్వాల్సిన పాలకవర్గం జాబితా బాకీ ఉంటే ఇప్పుడే ఇచ్చేయండి. ఫైళ్లు తరచూ ఆగేది అక్కడే.

భీమవరం విశ్రాంత ఉద్యోగి:

అమ్మా, నేను రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో చాలాకాలం ఖాతాల విభాగంలో పనిచేశాను. ఈ నిధుల ఫైళ్లు చివరి పదేళ్లు నా బల్ల మీదే ఉండేవి. అడిగేవాళ్లు ఇవతల ఏ పాట్లు పడతారో మీరు చెప్పారు. ఇచ్చేవాళ్లు అవతల ఏ పాట్లు పడతారో నేను చెప్తాను.

మీరు పెద్ద ఫౌండేషన్ల వైపు చూస్తున్నారు. నా మాట విని భీమవరం, కాకినాడ వైపు చూడండి. అంతకు ముందు సంవత్సరం నికర లాభం 5 కోట్లు దాటిన ఏ కంపెనీ అయినా ఈ చట్టం కిందికి వస్తుంది. గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సగటు 5 కోట్లుంటే ఏటా 10 లక్షలు. మేత తయారుచేసే కంపెనీలు, రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలు ఇలాంటివి మన డెల్టాలో ఉన్నాయి. వీటికి ఫౌండేషన్ ఉండదు, దరఖాస్తుల పోర్టల్ ఉండదు. ఖర్చు పెట్టాల్సిన మొత్తం 50 లక్షలు మించకపోతే సీఎస్ఆర్ కమిటీ కూడా అక్కర్లేదు, డైరెక్టర్ల బోర్డే నిర్ణయిస్తుంది. అంటే మీరు కలవాల్సింది ఒక్క మేనేజింగ్ డైరెక్టరును. ఆయనకు తెలుగు వచ్చు, ఆయన ఇంట్లో కూడా లేసు దుప్పటి ఉంటుంది.

పైగా తమ కార్యకలాపాలు సాగే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. మార్చి దగ్గరపడుతుంటే, నమ్మకంగా పనిచేసే స్థానిక సంఘం, అన్ని నంబర్లూ ఉన్నది, ఎక్కడ దొరుకుతుందా అని మేమే వెతికేవాళ్లం. చివరికి బడికి బల్లలో, ఆసుపత్రికి మంచాలో కొని ఫొటో దిగేవారు. బల్లలు చెడ్డవని కాదు. మీ పని వాళ్లకు తెలియకపోవడమే నాకు బాధ.

రైసు మిల్లుల దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. వాటిలో చాలా భాగస్వామ్య సంస్థలు. 135వ సెక్షన్ కంపెనీలకే, వాటికి వర్తించదు. అక్కడ సీఎస్ఆర్ అనకండి, మామూలు విరాళం అడగండి. దానికీ మీ 80జీ పనికొస్తుంది.

ఏ కంపెనీ ఎంత ఖర్చు పెట్టిందో జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో కంపెనీ పేరుతో చూడొచ్చు. వెబ్‌సైటు ఉన్న కంపెనీలు తాము ఆమోదించిన ప్రాజెక్టులు అందులో పెట్టాలి. ముందు చదివి వెళ్లండి. నిరుడు ఆరోగ్యానికి ఇచ్చినవాళ్లకు మీ మాట తొందరగా ఎక్కుతుంది. ఈ డబ్బు ఏ పనులకు పెట్టొచ్చో చెప్పే జాబితా ఆ చట్టం ఏడో షెడ్యూలులో ఉంది; మీ పని అందులో ఆరోగ్య సంరక్షణ కింద చక్కగా సరిపోతుంది, చేతివృత్తులూ మహిళల సాధికారతా అదనం.

ఇక ఆ నలభై లక్షలు. వద్దమ్మా. ఏటా రెండు లక్షలు ఖర్చు పెట్టే సంఘం నలభై లక్షలు అడిగితే, నా బల్ల మీద ఆ ఫైలు అక్కడే ఆగేది. పది శాతం కమీషన్ సంగతి అంతకంటే ముఖ్యం. ఇచ్చిన డబ్బు చెప్పిన పనికే వాడారని కంపెనీ ఆర్థిక అధికారి బోర్డుకు ధ్రువీకరించాలి. ఆయన మిమ్మల్ని బిల్లులు అడుగుతారు. కన్సల్టెంటు కమీషన్ ఏ పద్దు కింద చూపిస్తారు? ఒక అబద్ధపు బిల్లు పెట్టాల్సి వస్తుంది. సంఘం పేరు పోవడానికి అదొక్కటి చాలు. ప్రాజెక్టు రాసిపెట్టినందుకు ఎవరికైనా ఇవ్వాలనుకుంటే, ముందే మాట్లాడుకున్న రుసుము మీ సొంత డబ్బుతో ఇవ్వండి.

మీరు చెప్పిన ఆరు వందల మందికీ లెక్క కట్టి చూశాను. ధరలు మీ దగ్గర వేరుగా ఉంటే మార్చుకోండి. నాలుగు వందల యాభై మందికి అద్దాలు అవసరపడతాయనుకుంటే, జత రూ.200 చొప్పున రూ.90,000. చూపు పరీక్షించి అద్దాల పవరు చెప్పే ఆప్టోమెట్రిస్టు 20 రోజులు, రోజుకు రూ.2,500, అంటే రూ.50,000. ఆటోకు రూ.20,000. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసి, మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లి చూసే మనిషికి నెలకు రూ.12,000 చొప్పున పది నెలలకు రూ.1,20,000. చార్టులు, కార్డులు రూ.10,000. విరిగినవాటికి బదులు అద్దాలు రూ.9,000. ఆడిట్ రూ.15,000. మొత్తం రూ.3,14,000. ఒక్కో మహిళకు రూ.523 పడుతుంది. నేను ఫైలు చూసే రోజుల్లో ఇంత తేటగా ఒక్క కాగితం వచ్చినా ఎంత బాగుండేదో.

ఆ మనిషి జీతం చూసి, నిర్వహణ ఖర్చు 5 శాతం మించకూడదు కదా అని ఎవరైనా అంటారు. అది కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారాలు నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చు మీద పరిమితి. ప్రాజెక్టు అమలు చేసే మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చే. మర్యాదగా చెప్పండి, తగ్గించకండి. మళ్లీ వెళ్లి చూసే మనిషి లేకపోతే అద్దాలు బీరువాలోకి పోతాయి.

రెండు పేజీలు తెలుగులో రాయండి. మీ ఊరి ఇంగ్లీషు మాస్టారు ఒక ప్రతి ఇంగ్లీషులోకి మార్చి ఇస్తారు. ఒక ఆధారం కూడా చేర్చండి: అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కార్మికులకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చేసిన అధ్యయనం 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. అద్దాలు లేనివారితో పోలిస్తే వారి ఆకు కోత 22 శాతం వరకు పెరిగింది. లేసుకూ ఇదే వర్తిస్తుందని రాయకండి. లేసుకు మీరే లెక్క తీయండి: అద్దాలకు ముందు వారంలో ఎన్ని ముక్కలు, తర్వాత ఎన్ని, వెనక్కి వచ్చినవి ఎన్ని. ఒక మామూలు నోటుబుక్కు చాలు.

వెళ్లాల్సింది డిసెంబరు, జనవరి నెలల్లో. కొత్త ఆర్థిక సంవత్సరపు కార్యాచరణ ప్రణాళిక తయారయ్యే లోపు మీ కాగితం వాళ్ల చేతిలో ఉండాలి. మార్చి చివరి వారంలో డబ్బు ఇస్తామంటే తొందరపడి తీసుకోకండి. సంఘం ఖాతాలో వేసినంత మాత్రాన ఖర్చు అయినట్టు కాదు, మీరు వాడితేనే ఖర్చు. 31వ తేదీలోపు బిల్లులు తెమ్మని మిమ్మల్ని పరుగులు పెట్టిస్తారు.

అమలాపురం నుంచి:

పెద్దాయన చెప్పింది బాగుంది గానీ, మా అనుభవం వేరు. మాకు ఒక కంపెనీ ఒక ఏడాది ఇచ్చింది, మరుసటి ఏడాది ఎండీ మారగానే మానేసింది. పెట్టుకున్న మనిషిని మధ్యలో తీసేయాల్సి వచ్చింది. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత మేం కువైట్‌లో, అమెరికాలో ఉన్న మన ఊరివాళ్లనే అడుగుతున్నాం. నెలకు ఐదు వందలు ఇచ్చేవాళ్లు యాభై మంది ఉంటే ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు అక్కా.

పాలకొల్లు ఆడిటర్:

ఒక్క జాగ్రత్త. కువైట్‌లో ఉన్నా భారత పౌరుడిగానే ఉన్న మనిషి తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే వస్తుంది, మనవాళ్లే అయినా సరే. విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా అది ముట్టుకోకూడదు. విరాళం తీసుకునే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి.

నరసాపురం కార్యదర్శి:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సార్, మీ లెక్క కమిటీలో చదివి వినిపించాను. కన్సల్టెంటుకు వద్దని చెప్పేశాం. 80జీకి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. అమలాపురం తమ్ముడు చెప్పింది కూడా మనసులో పెట్టుకున్నాను. మనిషిని పెట్టుకునేటప్పుడే పది నెలల పని అని రాతపూర్వకంగా చెప్తాం, ఊరి విరాళాలు ఆపం. రెండు సందేహాలు. జనవరి నాటికి 80జీ రాకపోతే ఈ ఏడాది పోయినట్టేనా? మా ఊరి ఆడవాళ్లు కొందరు రొయ్యల షెడ్లలో పనికి కూడా వెళతారు. తమ షెడ్డులో పనిచేసేవాళ్లకే అద్దాలివ్వండి, డబ్బు ఇస్తామని ఒక కంపెనీ సూపర్‌వైజరు అన్నారు. ఒప్పుకోవచ్చా?

భీమవరం విశ్రాంత ఉద్యోగి:

రెండోదానికి ముందు చెప్తాను. ఉద్యోగులకే మేలు చేసే ఖర్చు సీఎస్ఆర్ కిందికి రాదు. అది వాళ్ల సంక్షేమ ఖర్చు, వాళ్లు విడిగా పెట్టుకోవచ్చు. ఊరంతటికీ చేసే పరీక్షల్లో షెడ్డు ఆడవాళ్లు కూడా వస్తే ఇబ్బంది లేదు. సూపర్‌వైజరుతో కాకుండా వాళ్ల కంపెనీ సెక్రటరీతో మాట్లాడండి, ఆయనకు ఈ తేడా తెలుస్తుంది.

80జీ ఆలస్యమైతే డబ్బు మీ ఖాతాలోకి రాదు, నిజమే. కానీ కంపెనీ తానే స్వయంగా ఈ పని చేయొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అద్దాల దుకాణానికి, ఆప్టోమెట్రిస్టుకు వాళ్లే నేరుగా చెల్లిస్తారు. పేర్ల జాబితా, ఇల్లిల్లూ తిరగడం, నోటుబుక్కు లెక్క మీవి. ఈ ఏడాది వంద మందికి అలా చేయించండి. వచ్చే ఏడాది మీ సొంత నంబరుతో వెళ్లినప్పుడు ఆ వంద మంది లెక్క మీ ఫైలులో మొదటి పేజీగా పెట్టండి. రాసిన రెండు పేజీలు నాకు పంపితే చదివి పెడతాను.