సమస్యాపూరణం: "పేరు లేని మాటె పెద్ద మాట"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల చిన్న గణాలు). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం కలవడం, పే–పె.

పేరు లేని మాటె పెద్ద మాట

ఒక షరతు. ఈసారి పూరణ కింద పేరు పెట్టొద్దు, విమర్శ కింద కూడా వద్దు. ఎవరు పంపారో నాకూ తెలియదు. మనుషులు పేరు దాచుకుని ఎందుకు మాట్లాడతారన్నదే విషయం కాబట్టి ఒక వారం మనమూ ఆకాశరామన్నలమైపోదాం. "పెద్ద మాట" అంటే గొప్ప మాటే కానక్కర్లేదు. "అంత పెద్ద మాట ఎందుకు లెండి" అంటాం చూడండి, ఆ అర్థం కూడా వాడుకోవచ్చు.

పూరణ 1

భయము వీడి నిజము పలుకంగ నెంచిన
కొలువు పోవునన్న గుబులు పట్టు
సంతకమ్ము లేని చాటుచీటియె దిక్కు
పేరు లేని మాటె పెద్ద మాట

– "చాటుచీటి" భలే పడింది. కొ–గు, సం–చా యతులు సరిపోయాయి. ఒక్క లోపం ఉంది. "ఎంచిన" చేదర్థకం ("ఎంచితే" అని), ద్రుతాంతం, అంటే చివర "న్" ఉన్నట్టే. ఆ ద్రుతం తర్వాత క, చ, ట, త, పలు సరళాలు (గ, జ, డ, ద, బ) అవుతాయి. "ఎంచినఁ గొలువు" అనాలి.

– పాదం చివర విరామం ఉందనుకుని వదిలేయొచ్చు కదండీ?

– వదిలేసేవాళ్ళున్నారు. నేను వదలను.

– నాకు భావం మీద ఒక మాట. పేరు దాచడానికి అన్నిసార్లూ గుబులే కారణం కాదు. గణాంక శాస్త్రం చదివినవాళ్ళకు "స్టూడెంట్" టి పరీక్ష తెలుసు. 1908లో ఆ వ్యాసం రాసింది విలియం గాసెట్, గిన్నిస్ బీరు తయారీ సంస్థలో ఉద్యోగి. ఉద్యోగులు సొంత పేరుతో పరిశోధనలు అచ్చు వేయించకూడదని అక్కడి కట్టుబాటు. అందుకని "స్టూడెంట్" అయ్యాడు. ఆయన ఎవరినీ నిందించలేదు, ఏ గుట్టూ బయటపెట్టలేదు. పేరు పెట్టే వీలు లేదు, అంతే.

పూరణ 2

ఎదుట నున్న నవ్వు నెంతయో చల్లగ
చాటు దొరకెనేని చండ్రనిప్పు
ముసుగు వేసినంత మొనగాడు తానౌను
పేరు లేని మాటె పెద్ద మాట

– మొదటి పూరణకు సరిగ్గా ఎదురు. "పెద్ద మాట"ను దురుసు మాటగా తిప్పుకున్న తీరు బాగుంది. చల్లన, వెంటనే చండ్రనిప్పు! రెండో పాదం చదివి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

– పద్యం బాగుంది కానీ తీర్పు తొందరపాటుది. పేరు, ఇంటిపేరు, బిరుదులతో సహా పెట్టి మరీ తిట్టేవాళ్ళు లోకంలో తక్కువా? ముసుగు లేనివాళ్ళంతా మర్యాదస్తులన్నట్టుంది.

– "చల్లగన్" తర్వాత "జాటు" రావాలి. మళ్ళీ అదే లోపం.

– మళ్ళీ మీరే!

– నేనెవరో మీకెలా తెలుసు?

పూరణ 3

ఎవరు చెప్పినారొ యెరుగము సామెత
తాత చెప్పె, తాత తాత చెప్పె
కర్త లేకపోయె, కాలమ్ము మోసెను
పేరు లేని మాటె పెద్ద మాట

– సమస్యను సామెత మీదికి మళ్ళించాలన్న ఆలోచన నాకు రానందుకు అసూయగా ఉంది. రెండో పాదం పిల్లలకైనా నోటికొచ్చేస్తుంది.

– పద్యంగా ఇదే ముందుంది, ఒప్పుకుంటాను. కానీ విషయాన్ని తప్పించుకుంది. పేరు పోవడం వేరు, పేరు దాచడం వేరు. రోమ్‌లో పాస్క్వీనో అని ముక్కూ చేతులూ విరిగిన పాత విగ్రహం ఒకటుంది. 1501లో ఒక కార్డినల్ (పోప్ కింది పెద్ద మతాధికారి) దాన్ని అక్కడ నిలబెట్టించాడు. జనం దాని మీద పోప్‌లను ఎగతాళి చేస్తూ పద్యాలు అంటించి పోయేవారు. ఆ పద్యాలకు కర్తలు లేక కాదు, దొరికితే తల ఉండదని. అందరూ కలిసి ఒక రాతిబొమ్మకు నోరిచ్చారు. సామెతకు ఆ భయం ఎక్కడిది?

– నవ్వుదామని రాసినవాళ్ళు కూడా కొందరుండి ఉంటారు లెండి. అందరికీ తల భయమేనా?

– ఉండి ఉంటారు. నవ్వినవాడి పేరు తెలిస్తే మాత్రం ఆ నవ్వు అక్కడితో ఆగేది.

పూరణ 4

తప్పు వ్రాతునేమొ తలవంపులౌ నేమొ
యనెడి జంకు తోడ నాగినాను
ఇన్ని నాళ్ళ పిదప నింత పలికినాను
పేరు లేని మాటె పెద్ద మాట

– ఎవరో కొత్తవారు. గణాలు ఒక్కటీ తప్పలేదు, యతులన్నీ నిలిచాయి. "నాకు ఇదే పెద్ద మాట" అని సమస్యను తన మీదికి తెచ్చుకున్నారు. మూడు పూరణల్లోనూ లేని అర్థం ఇది.

– ఆగినాను, పలికినాను అని రెండు పాదాలు ఒకేలా ముగిశాయి. కొంచెం చప్పగా ఉంది.

– ఉండనివ్వండి. తడబడే మనిషి గొంతు అలాగే ఉంటుంది.

– ఇది రాసింది నేనే. పేరు అక్కర్లేదన్నారు కాబట్టి పంపాను. ఇన్నాళ్ళూ రాసిన పద్యాలన్నీ నోటుపుస్తకంలోనే ఉండిపోయాయి. థాంక్సండీ.

నిర్వాహకుడు:
షరతు పెట్టిన నేనే దాక్కోవడం బాగుండదు. ఇది నాది.

దానమిచ్చువాడు తెలుపడు తన పేరు
పుచ్చుకొన్నవాడు పొగడ లేడు
మెప్పు లేని చోట మేలెంత మిగిలెనో
పేరు లేని మాటె పెద్ద మాట

– మాస్టారూ, అద్భుతం! గుప్తదానం మీదికి తీసుకెళ్ళడం మీకే చెల్లింది.

– మూడో పాదం మనసుకు పట్టింది మాస్టారూ. నమస్కారాలు.

– మొదటి పాదంలో యతి లేదు. దా–తె: హల్లులు కలిశాయి, అచ్చులు కలవలేదు. "దాచును తన పేరు" అంటే గణమూ యతీ రెండూ కుదురుతాయి, అర్థం కూడా బిగుస్తుంది. ఇంకొకటి. మూడు పాదాలు దానం గురించి చెప్పి చివర "మాట" అన్నారు, అతకలేదు. ఇదే వేరేవాళ్ళు రాసి ఉంటే పొద్దున్నే పట్టుకునేవారం. అందుకని నా పూరణ:

పేరు జూచి తూచు పెద్దల సభలోన
పద్య మెట్టులున్న భళిర యండ్రు
తప్పు లెన్నువాడు దాగియుండుట మేలు
పేరు లేని మాటె పెద్ద మాట

– మాస్టారిని పట్టుకుని అంత మాటా? ఎవరండీ మీరు?

– అదే కదా అడగకూడదన్నది.

నిర్వాహకుడు:
ఆయన్ని ఏమీ అనకండి. యతి తప్పింది, అన్వయం కూడా ఆయన చెప్పినట్టే కుదరలేదు. "దాచును" అని దిద్దుకున్నాను, నాలుగో పాదంతో అతుకు మాత్రం ఇంకా పడలేదు. ఇన్నేళ్ళలో నా పద్యానికి ఇక్కడ ఒక్కరూ తప్పు పట్టలేదు. తప్పుల్లేక కాదన్నమాట. కొంచెం బాధగానే ఉంది, అబద్ధమెందుకు.

కాకపోతే ఆయనతో నాకు చిన్న తగువుంది. "పెద్దల సభలోన", ఆ తర్వాత "పద్యము". "లోనన్" మీద ద్రుతం ఏమైందండీ? "బద్యము" కావద్దూ? అదే పాదం మొదట్లో "పేరు జూచి" అని సరళం చక్కగా వేశారు. పాదం మధ్యలో గుర్తుండి, చివరకొచ్చేసరికి మరిచిపోయే అలవాటు ఈ వారం ఇంకో రెండు చోట్ల చూశాం: ఒకటో పూరణలో, రెండో పూరణలో.

అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787–88లో "పబ్లియస్" పేరుతో 85 వ్యాసాలు వచ్చాయి. రాసింది ఆనాటి అమెరికా నాయకులు హామిల్టన్, మాడిసన్, జాన్ జే. వాటిలో 12 ఎవరివన్న తగాదా చాలాకాలం నడిచింది. 1964లో మోస్టెలర్, వాలెస్ అనే గణాంకవేత్తలు పెద్ద పెద్ద భావాలన్నీ పక్కనపెట్టి చిల్లర మాటలు లెక్కపెట్టారు. హామిల్టన్ "అపాన్" (ఇంగ్లీషులో "మీద") అనే మాటను మాటిమాటికీ వాడతాడు, మాడిసన్ దాదాపు వాడడు. ఆ 12 మాడిసన్‌వే అని తేల్చారు. మీ ద్రుతం కూడా అలాంటి "అపాన్" లాగే ఉంది.

– దొరికిపోయాను మాస్టారూ. ఒకటీ రెండూ నావే, మీ మీద రాసిందీ నాదే. ద్రుతం లోపం ఎత్తిచూపింది మాత్రం నేను కాదు.

– ఒకదాంట్లో ఆకాశరామన్నను మెచ్చుకుని, రెండోదాంట్లో తిట్టారే! ఇంతకీ మీరు ఏ పక్కండీ?

– రెండు పక్కలా. పేరు పెట్టమని ఉంటే ఒక్కటే పంపేవాణ్ణి.

– ఏది పంపేవారు?

– అది చెప్పను.