సింపథెటిక్ నాడులకు ఫినాల్ ఇంజెక్షన్: పూడుకుపోయిన కాలికి ఎంతవరకు ఉపయోగం?

ప్రశ్న

మా నాన్నగారికి డెబ్బై ఏళ్లు దాటాయి. మధుమేహం చాలా కాలంగా ఉంది. పొగ తాగడం ఇటీవలే మానేశారు. కుడి కాలిలో మోకాలి కింది ధమనులు దాదాపుగా పూడుకుపోయాయని, బైపాస్ కలపడానికి గానీ స్టెంట్ వేయడానికి గానీ పాదం దగ్గర తగిన నాళం మిగలలేదని యాంజియోగ్రామ్ చూసిన సర్జన్ గారు చెప్పారు. రాత్రి పడుకోగానే పాదంలో నొప్పి మొదలవుతుంది. కాలు మంచం మీద నుంచి కిందికి వేలాడదీస్తే తప్ప ఆయనకు నిద్ర పట్టడం లేదు. బొటనవేలి పక్కన మానని చిన్న పుండు కూడా ఉంది. నడుములోకి సూది వేసి ఫినాల్ అనే, నాడిని దెబ్బతీసే రసాయనంతో సింపథెటిక్ నాడులను పనిచేయకుండా చేయవచ్చని ఇప్పుడు అంటున్నారు. దీని వల్ల ఆయన మళ్లీ నడవగలుగుతారా, కాలు నిలుస్తుందా, కాలు చచ్చుబడిపోయే ప్రమాదం ఏమైనా ఉందా అన్నవి మా సందేహాలు. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (నొప్పి చికిత్స చేసే మత్తు వైద్యుడు)

మీ చివరి సందేహంతో మొదలుపెడతాను. కాలిని కదిలించే నాడులు, స్పర్శను తెలియజేసే నాడులు వేరు; ఈ చికిత్సలో తాకేవి వేరు. సింపథెటిక్ నాడులు మన ప్రమేయం లేకుండా పనిచేస్తాయి. చర్మంలోని సన్నని ధమనులను కొంత బిగించి ఉంచడం, చెమట పట్టించడం వాటి పనుల్లో ముఖ్యమైనవి. కాలికి వెళ్లే సింపథెటిక్ నాడుల ముడులు నడుము వెన్నుపూసలకు ముందు పక్కగా, నడుము లోపలి సోయాస్ అనే కండరానికి లోపలి అంచున, వరుసగా ఉంటాయి. రెండో, మూడో, నాలుగో నడుము వెన్నుపూసల దగ్గరి ముడులను స్తంభింపజేస్తే ఆ బిగింపు సడలి, పాదం చర్మానికి రక్తం ఎక్కువగా చేరుతుంది. పాదం వెచ్చబడి, పొడిబారుతుంది. మందు సరైన చోట పడినంత వరకు కాలు చచ్చుబడదు.

రోగిని బోర్లా పడుకోబెట్టి, చర్మానికి మాత్రం మత్తు ఇచ్చి, ఎక్స్-రే తెర మీద చూస్తూ పొడవైన సన్న సూదిని వెన్నుపూస పక్కగా ముందుకు పంపుతాం. ఫినాల్ కంటే ముందు ఎక్స్-రేలో కనిపించే కాంట్రాస్ట్ మందు కొద్దిగా ఎక్కించి, అది వెన్నుపూస ముందు అంచు వెంబడి నిలువు గీతలా పరుచుకుందా, లేక కండరంలోకో రక్తనాళంలోకో పోతోందా అని చూస్తాం. ఒక పక్కన బృహద్ధమని, మరో పక్కన పెద్ద సిర అక్కడికి ఎంత దగ్గరగా ఉంటాయో తెలిసినవారెవరూ ఈ మెట్టును వదిలిపెట్టరు. ఆ తరువాతే సాధారణంగా 6 నుంచి 10 శాతం ఫినాల్ ఇస్తాం. ఆల్కహాల్ కూడా నాడిని దెబ్బతీస్తుంది గానీ, ఎక్కించేటప్పుడు బాగా మండుతుంది. ఫినాల్‌కు మొదట కొంత మత్తు గుణం ఉంటుంది కాబట్టి ఈ చోట నేను దానినే ఎంచుకుంటాను.

నడక విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దని చెప్పాలి. నడిచేటప్పుడు పిక్క కండరానికి రక్తం కావాలి. ఆ కండరంలోని నాళాలు శ్రమ వల్ల అక్కడే పుట్టే పదార్థాలకు స్పందించి వెడల్పవుతాయే తప్ప, ఈ నాడుల బిగింపు సడలినంత మాత్రాన వాటికి పెద్దగా ఒరిగేది లేదు. విశ్రాంతిలో వచ్చే నొప్పి, చర్మం మీది చిన్న పుండు, ఈ రెండింటి కోసమే ఈ చికిత్స. కాలు తీసివేయవలసిన అవసరాన్ని ఇది తప్పిస్తుందని గట్టిగా చెప్పదగిన పరిశోధనా ఆధారాలు లేవు. నాడులు కాలక్రమంలో తిరిగి పెరుగుతాయి కనుక గుణం కనిపించినా అది నెలల లెక్కలోనే ఉంటుందని అనుకోండి.

సమాధానం (రక్తనాళాల శస్త్రవైద్యురాలు)

పైవారు చెప్పిన దానితో ఏకీభవిస్తాను గానీ, మీ నాన్నగారి విషయంలో అసలు చిక్కు మధుమేహం దగ్గర ఉంది. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో స్పర్శ నాడులతో పాటు సింపథెటిక్ నాడులు కూడా దెబ్బతింటాయి. అంటే మనం సూదితో చేయాలనుకుంటున్న పనిని జబ్బే కొంతవరకు ముందుగా చేసి ఉంటుంది. ఆయన పాదానికి చెమట పట్టడం ఎప్పుడో ఆగిపోయి, చర్మం పొడిబారి పగుళ్లు తీసి ఉంటే, ఇంకా ఆపడానికి అక్కడ నాడి ఎంత మిగిలి ఉందన్నది మొదటి ప్రశ్న. అందుకే నేరుగా ఫినాల్ వేయించుకోవడానికి ఒప్పుకోకండి. ముందు అదే చోట లిడోకెయిన్ లేదా బుపివకెయిన్ వంటి తాత్కాలికపు మత్తు మందు ఇచ్చి చూడమని అడగండి. దాని ప్రభావం కొన్ని గంటల్లో పోతుంది, ఎటువంటి ఫలితం వచ్చినా వెనక్కి రావచ్చు.

మరొక సంగతి. మధుమేహంలో ధమనుల గోడలు సున్నం పట్టి గట్టిపడతాయి, అందువల్ల చీలమండ దగ్గర కొలిచిన రక్తపోటు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది. బొటనవేలి రక్తపోటు కొలిపించారా? అది 30 మి.మీ. పాదరసం కంటే తక్కువగా ఉంటే పుండు తనంతట తాను మానే అవకాశం చాలా తక్కువ. ఆ స్థితిలో ఇంజెక్షన్ నొప్పిని తగ్గించినా, పుండు గురించి వేరే నిర్ణయం తీసుకోవలసి రావచ్చు. పుండులో చీము, నలుపు, జ్వరం కనిపిస్తే ఈ చర్చ ముగిసేదాకా ఆగకుండా వెంటనే చూపించండి.

సమాధానం (చికిత్స చేయించుకున్న వ్యక్తి)

నాకు ఉన్నది బర్జర్ జబ్బు (పొగాకు వల్ల కాళ్లు, చేతుల్లోని చిన్న రక్తనాళాలు వాచి పూడుకుపోయేది), మధుమేహం లేదు, కాబట్టి మీ నాన్నగారితో పూర్తిగా పోల్చలేను. ఫినాల్ తరువాత పాదం వెచ్చబడింది, రాత్రి నొప్పి మాత్రల అవసరం బాగా తగ్గింది. అయితే కొద్ది రోజులకు గజ్జలోనూ తొడ ముందు భాగంలోనూ మంట మొదలై, బట్ట తగిలినా ఓర్చుకోలేని స్థితి కొన్ని వారాలు నడిచింది. దీని గురించి ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్ల చికిత్స వికటించిందేమోనని భయపడ్డాను. పొగ మానకపోతే మాత్రం మా జబ్బులో ఏ ఇంజెక్షనూ నిలవదు. మీ నాన్నగారు మానేశారన్నది మంచి మాట.

సమాధానం (మత్తు వైద్యుడు)

అది ఫినాల్ పక్కనే ఉన్న, గజ్జకూ తొడ ముందు భాగానికీ స్పర్శనిచ్చే జెనిటోఫెమోరల్ నాడిని తాకడం వల్ల వచ్చే మంట. తెలిసిన దుష్ప్రభావమే, చాలామందిలో వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. ముందే చెప్పి ఉండవలసింది. రక్తపోటు పడిపోవడం, అరుదుగా మూత్రనాళానికి దెబ్బ తగలడం కూడా చెప్పుకోవలసినవే. రెండు పక్కలా పై ముడుల దాకా చేస్తే పురుషుల్లో స్ఖలన ఇబ్బంది రావచ్చు; వయసులో ఉన్నవారితో ఈ మాట దాచకూడదు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తాన్ని పల్చబరిచే మందులు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో, వాటిని రాసిన వైద్యునితో మాట్లాడి నిర్ణయించాలి. సొంతంగా ఆపకండి.

అనుబంధ ప్రశ్న

మణికట్టు ఎముక విరిగిన తరువాత నా చేయి వాచి, రంగు మారి, మండుతోంది, సి.ఆర్.పి.ఎస్. (కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్, గాయం తరువాత మానకుండా నిలిచిపోయే నొప్పి జబ్బు) అన్నారు. చేతికి కూడా ఇలాగే ఫినాల్ ఇస్తారా?

సమాధానం (మత్తు వైద్యుడు)

సాధారణంగా ఇవ్వరు. చేతికి సంబంధించిన సింపథెటిక్ నాడుల ముడి, స్టెల్లేట్ గాంగ్లియన్, మెడ అడుగున ఉంటుంది, చేతి నాడులన్నీ దాని పక్కనే సాగుతాయి. అక్కడ ఫినాల్ పాకితే చేయి బలహీనపడవచ్చు, కనురెప్ప శాశ్వతంగా వాలిపోవచ్చు. కాబట్టి తాత్కాలికపు మత్తు మందు మాత్రమే వాడతాం. ఇంజెక్షన్ తరువాత ఆ పక్క రెప్ప వాలడం, కంటిపాప చిన్నదవడం, గొంతు బొంగురుపోవడం కొన్ని గంటలు ఉంటాయి. సి.ఆర్.పి.ఎస్.లో ఈ ఇంజెక్షన్ల ప్రయోజనానికి ఉన్న ఆధారాలు బలహీనమైనవి. నొప్పి తగ్గిన ఆ కాస్త వ్యవధిలో ఫిజియోథెరపీ చేయించగలిగితేనే దానికి అర్థం ఉందని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ముందు తాత్కాలికపు మందుతో చూడటానికి వైద్యులు ఒప్పుకున్నారు. ఆ రోజు ఫలితాన్ని మేము ఎలా గమనించాలి?

సమాధానం (రక్తనాళాల శస్త్రవైద్యురాలు)

ఇంజెక్షన్‌కు ముందు రెండు పాదాలనూ కొంతసేపు కప్పకుండా ఉంచి, చర్మపు ఉష్ణోగ్రతను ఒకే చోట కొలవమనండి. తరువాత కూడా అదే గదిలో, అదే చోట. రెండో పాదంలో మార్పు లేకుండా చికిత్స చేసిన పాదం రెండు మూడు డిగ్రీల సెల్సియస్ వెచ్చబడితే మందు నాడులను చేరినట్టు. దానితో పాటు నొప్పి ఎంత తగ్గింది, ఎన్ని గంటలు తగ్గింది అన్నది ఆయన మాటల్లోనే రాసి పెట్టండి. పాదం వెచ్చబడినా నొప్పి తగ్గకపోతే ఫినాల్ వల్లా తగ్గదనే భావించవచ్చు. వెచ్చబడకపోతే మందు సరైన చోట పడలేదని గానీ, నాడులు ముందే పోయాయని గానీ అర్థం; ఆ రెండింటిలో ఏదో ఎక్స్-రే బొమ్మ చూసి మీ వైద్యులు చెప్పగలరు.