పార్క్ కోసం మొదటి ట్విన్‌టిప్ స్కీలు: 164 సెం.మీ.వి కొనాలా, 171 కొనాలా?

వైజాగ్ నుంచి అడుగుతున్నాను. ఎత్తు 174 సెం.మీ., బరువు 70 కిలోలు. ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని మైర్‌హోఫెన్ వెళ్తున్నాను. అక్కడి పెన్‌కెన్ పార్క్‌లో (స్కీలతో విన్యాసాలు చేసే మంచు మైదానం) చిన్న జంప్‌లు, బాక్సుల (మీదెక్కి జారే పెట్టెల్లాంటివి) మీద జారడం నేర్చుకోవాలని ఉంది. మామూలు స్లోప్‌ల మీద బాగానే దిగుతాను. గుల్‌మార్గ్‌లో అద్దె స్కీలతో వెనక్కి జారబోతే చదునుగా ఉన్న వెనక కొస మంచులో గుచ్చుకుని ఆగిపోయేది. అందుకే రెండు కొసలూ పైకి వంగినవే, అంటే ట్విన్‌టిప్‌లే కావాలి.

నచ్చిన మోడల్ నడుము (స్కీ మధ్య భాగం) వెడల్పు 88 మి.మీ. చిక్కంతా పొడవు దగ్గరే. ఇక్కడి స్పోర్ట్స్ షాపుల్లో చేత్తో పట్టుకుని చూద్దామన్నా స్కీలు దొరకలేదు. సైజు చార్ట్ చూస్తే నా బరువుకి రెండూ సరిపోతాయని ఉంది. అమ్మేవాళ్లకి మెయిల్ పెడితే "మీ ఇష్టం" అన్నారు. గోడ మీద టేపుతో కొలిచి పక్కన నిలబడ్డాను: 164 కనుబొమ్మల దాకా, 171 దాదాపు నడినెత్తి దాకా వచ్చాయి.

పొట్టివైతే గాల్లో తిప్పడం తేలిక, నిజమే. కానీ కొసలు వంగి ఉంటే మంచుకి ఆనే అంచు ఇంకా తగ్గిపోతుంది కదా, జంప్ చేసి దిగేటప్పుడు నిలబడగలనా అని టెన్షన్. బైండింగ్ (బూటుని స్కీకి బిగించేది) మాత్రం నట్టనడుమ కాకుండా 2 సెం.మీ. వెనక్కి పెట్టిద్దామనుకుంటున్నాను.

దాదాపు ఇదే ఎత్తు, బరువుతో పార్క్‌లో మొదలుపెట్టినవాళ్లు చెప్పండి: 164 తీసుకోనా, 171 తీసుకోనా?