గ్రీకు విగ్రహాలకు రంగులేసి చూపించడం సరైనదేనా?

చిత్ర_విశాఖ:
ఫ్రాంక్‌ఫర్ట్‌లోని లీబీగ్‌హౌస్ మ్యూజియంలో ప్రాచీన గ్రీకు విగ్రహాల మీద ఒకప్పుడు ఉన్న రంగులు వేసి చూపించే నమూనాలు చూశాను. విన్‌జెంజ్ బ్రింక్‌మన్, ఉల్‌రికే కోఖ్-బ్రింక్‌మన్ దంపతులు ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇది. ఈజీనా ద్వీపంలో అఫాయా దేవత గుడి మీద ఉండిన విలుకాడి బొమ్మ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కాళ్లకు అతుక్కున్న పైజామా నిండా రంగురంగుల గళ్లు, నీలం, ఎరుపు, పసుపు. నా వెనకాల ఒకాయన ‘జాతర బొమ్మలా ఉంది’ అని నవ్వాడు. అప్పటి నుంచీ మనసులో అదే తిరుగుతోంది. తెల్లరాతి విగ్రహం పెట్టిన ప్రతి మ్యూజియంలో పక్కనే రంగుల నమూనా కూడా పెట్టాలని నా వాదన. లేకపోతే జనానికి సగం అబద్ధం చూపిస్తున్నట్టే. మీరేమంటారు?

రాతిపని:
నేనొప్పుకోను. రంగులుండేవి, అందులో వాదన లేదు. కానీ ఎంత మందంగా వేశారు, ఎన్ని పూతలు వేశారు, మీద మెరుగు ఎలా తెచ్చారు అన్నది ఎవరు చూశారు? ఏథెన్స్ అక్రోపోలిస్ మీద 1886లో దొరికిన ‘పెప్లోస్ కోరే’ అమ్మాయి విగ్రహమే తీసుకోండి. కేంబ్రిడ్జి మ్యూజియంలో ఉన్న దాని ప్లాస్టర్ నకలుకి 1975లో ఎర్రటి గౌను వేశారు. బ్రింక్‌మన్ చేతిలోకి వచ్చేసరికి అదే అమ్మాయికి జంతువుల బొమ్మలు వరసగా ఉన్న వేరే వస్త్రం వచ్చింది. రాయి ఒకటే, బట్టలు రెండు. చూసేవాడు దేన్ని నమ్మాలి?

హరి_కడప:
మా స్కూలు పుస్తకంలో అన్నీ తెల్లగానే ఉన్నాయి. రంగులుండేవని ఇప్పుడే తెలిసింది.

పాతపుస్తకం:
ఇద్దరూ అసలు సాక్ష్యం వదిలేశారు. నీ విగ్రహాల్లో నీకు బాగా నచ్చినవి ఏవని గ్రీకు శిల్పి ప్రాక్సిటెలీజ్‌ని అడిగితే, నికియాస్ చెయ్యి వేసినవి అన్నాడట. రోమన్ రచయిత ప్లినీ రాసిన సంగతి. నికియాస్ ఆ కాలపు పెద్ద చిత్రకారుడు. అంటే రంగు అనేది కూలికి పూసే పూత కాదు, మరో మహాకళాకారుడి పని. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో దక్షిణ ఇటలీ కుండ ఒకటి ఉంది, క్రీ.పూ. 4వ శతాబ్దం నాటిది. దాని మీద ఒక చిత్రకారుడు గ్రీకు పురాణ వీరుడు హెరాక్లిస్ విగ్రహం మీది సింహం తోలుకి రంగేస్తుంటాడు. పక్కన కుర్రాడు నిప్పుల కుంపటి దగ్గర పనిముట్లు వేడి చేస్తుంటాడు, ఎందుకంటే రంగు కలిపింది మైనంలో. వెనక నుంచి స్వయంగా హెరాక్లిస్ వచ్చి చూస్తుంటాడు. కాబట్టి నా ప్రశ్న ఒక్కటే. నికియాస్ లేనప్పుడు ఆ పని ఎవరు చేయగలరు?

చిత్ర_విశాఖ:
రాతిపని గారూ, ఊహించి పూస్తున్నారని మీరనుకుంటున్నారు. అది ఊహ కాదు. లైటు పక్క నుంచి ఏటవాలుగా వేస్తే, రంగు ఎక్కువ కాలం నిలిచిన చోట రాయి తక్కువ అరిగి సన్నటి గీతలా తేలుతుంది. విలుకాడి పైజామా గళ్లు కొంతవరకు అలాగే దొరికాయి. ఈజిప్షియన్ బ్లూ అనే పాతకాలపు నీలి రంగు రేణువులైతే కంటికి కనపడకపోయినా ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో తెల్లగా వెలుగుతాయి. ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి శిల్పాల మీద కూడా అవి కనిపించాయని 2023లో ప్రచురించారు. ఇక ఇస్తాంబుల్‌లో ఉన్న ‘అలెగ్జాండర్ శవపేటిక’ అనే శిల్పాలు చెక్కిన రాతిపెట్టె మీద రంగు మామూలు కంటికే కనపడుతుంది. 1887లో ఇప్పటి లెబనాన్‌లోని సిడాన్‌లో భూమిలోంచి తీశారు దాన్ని.

రాతిపని:
రేణువు దొరికితే రంగు పేరు తెలుస్తుంది. పనితనం తెలియదు. నేను అడిగింది పనితనం గురించి.

మా నాన్నది ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డు. చిన్నప్పటి నుంచి ఉలి చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. మా దగ్గర ఒక పాత శివాలయంలో ద్వారపాలకులు నల్లరాతివి. కుంభాభిషేకం పేరు చెప్పి వాటికి డబ్బాల కొద్దీ ఎనామిల్ పెయింటు పూశారు. మొలనూలులో ఒక్కో పూసనీ విడిగా చెక్కాడు ఆ శిల్పి, పూసకీ పూసకీ మధ్య సన్నటి సందుతో సహా. పెయింటు ఆ సందుల్లోకి నిండిపోయి మొత్తం ఒక పసుపు పట్టీ అయిపోయింది. నాన్న గోటితో గీకి చూశాడు. మళ్లీ ఆ గుడి గడప తొక్కలేదు. ‘అప్పట్లో రంగులుండేవి’ అనే మాటే మా కమిటీ వాళ్లూ చెప్పారు.

నెమలీక:
మా ఊళ్లో కూడా ఇదే జరిగింది. చెప్పినా వినేవాడు లేడు.

చిత్ర_విశాఖ:
మీ బాధ అర్థమైంది, కానీ అది వేరే సంగతి. బ్రింక్‌మన్ వాళ్లు అసలు విగ్రహం మీద చుక్క రంగు కూడా వేయరు, వేసేది నమూనాల మీద. అసలు రాయిని పాడుచేసింది ఎవరో తెలుసా? తెలుపే అందం అనుకున్నవాళ్లు. 1937, 38ల్లో బ్రిటిష్ మ్యూజియంలో పార్థెనాన్ శిల్పాలను రాగి ఉలులతో గీకించారు. అవి ఏథెన్స్ దగ్గరి పెంటెలి కొండ పాలరాయివి, అందులో ఇనుము ఉంటుంది, కాలం గడిచేకొద్దీ తేనెరంగు తిరుగుతుంది. ఆ తేనెరంగుని మురికి అనుకుని గీకేశారు. రాయి రాయిగానే ఉండాలనే మీ మాట నుంచి అక్కడికి ఎంతో దూరం లేదు.

రాతిపని:
మాట జాగ్రత్త. రాయిని గీకేవాళ్లతో నన్ను కలుపుతారా? ఉలి పట్టడం తెలిసినవాడెవడూ అరిగిన రాయి మీద మళ్లీ ఉలి పెట్టడు. ఏసీ మ్యూజియంలో నిలబడి ఫొటోలు తీసుకుని వచ్చి నాకు రాయి గురించి పాఠం చెప్పకండి.

హరి_కడప:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. ఇది చర్చ.

పాతపుస్తకం:
నికియాస్ గురించి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

చిత్ర_విశాఖ:
సరే, ఫొటోల కోసం వెళ్లానంటున్నారు కాబట్టి చెప్తున్నా. నేను చదువుకున్న కాలేజీలో మట్టి తల ఒకటి చేసి రంగులు వేశాను. మాస్టారు అందరి ముందూ, ‘కొండపల్లి బొమ్మ చేశావు, శిల్పం ఎప్పుడు చేస్తావు?’ అన్నారు. గోడ మీద వేలాడుతున్న గ్రీకు తలల ఫొటోలు చూపించి, అదీ శిల్పం అంటే అన్నారు. ఆ తలలకూ ఒకప్పుడు రంగులుండేవని ఆ రోజు నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. ఒళ్లు ఎంత తెల్లగా ఉంటే అంత అందమని 1764లో జర్మన్ కళాచరిత్రకారుడు వింకెల్‌మన్ రాసిన మాట ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చూడండి. మా అమ్మమ్మ ఇంట్లో బొమ్మల కొలువు చూసి పెరిగిన నాకు, రంగంటే చవక అని నేర్పింది ఆ తెలుపే. జాతర బొమ్మలా ఉందని ఎవరైనా నవ్వితే నాకు అందుకే మండుతుంది.

రాతిపని:
ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు. నేను రంగుని చవక అనలేదు, కొండపల్లి బొమ్మనీ అనలేదు. మీ మాస్టారు అన్నది తప్పే.

నాది వేరే లెక్క. రంగు పడ్డాక జనం రంగునే చూస్తారు. చెంప మీద ఎముక ఎక్కడ మొదలై కండలోకి ఎక్కడ కలుస్తుందో అక్కడ శిల్పి ఎన్ని రోజులు ఆకురాయి పట్టాడో ఎవరూ చూడరు. మా నాన్న పేరు ఏ విగ్రహం కిందా లేదు. ఆ పని ఒక్కటే ఆయన గుర్తు. నమూనాకి రంగు వేయండి, కానీ పక్కనే రంగు లేని నమూనాకి మీరు చెప్పిన ఆ ఏటవాలు లైటు వేసి పెట్టండి. ఉలి పనీ కనపడాలి.

చిత్ర_విశాఖ:
అలా పెడితే నాకు సంతోషమే. కానీ విలుకాడి కాళ్లు ఒక్కసారి చూడండి. గుడ్డ మడతలు లేవు, గళ్లు చెక్కలేదు, నున్నగా వదిలేశాడు. అంత చెయ్యి తిరిగినవాడికి మడతలు రాక కాదు కదా. తర్వాత రంగువాడు వస్తాడని తెలిసే వదిలేశాడు. కనుగుడ్లు చెక్కకుండా వదిలేసిన విగ్రహాలూ అంతే. ఆ కాళ్లను రంగు లేకుండా చూపిస్తే, శిల్పి పని సగంలో ఆపేసినట్టు కనపడదా?

రాతిపని:
కళ్ల విషయంలో నాకు మొదటి నుంచీ పేచీ లేదు, కళ్లకు రంగు ఉండాల్సిందే. కాళ్ల సంగతి నాన్నకి ఫొటో చూపించి అడుగుతాను. నున్నగా ఉన్నంత మాత్రాన ఆపేసిన పని కాదు, ఎంత నునుపు పట్టాడో చూస్తే తెలుస్తుంది. దగ్గర నుంచి తీసిన ఫొటో ఉంటే పెట్టండి, పక్క లైటులో తీసింది.

పాతపుస్తకం:
ఫొటోతో పాటు రంగు ఎవరు వేశారో కూడా రాయండి. ప్రాక్సిటెలీజ్ చెప్పుకున్నది ఆ పేరే.