‘బంగళా’ మాట తెలుగులోకి ఏ దారిన వచ్చింది?

అందరికీ నమస్కారం. మా చెల్లి వాళ్లు ఇంగ్లండ్‌లో బంగళా కొన్నారంటే అమ్మ పెద్ద మేడ అనుకుంది. తీరా ఫొటోలు చూస్తే మెట్లే లేని ఒంటి అంతస్తు ఇల్లు! అక్కడ బంగళా అంటే అదేనట. మనకేమో గేటు, తోట, పోర్టికో గుర్తొస్తాయి. ఇంత తేడా ఎందుకొచ్చిందా అని కూపీ లాగుతున్నాను.

మూలం బెంగాలే. ‘బంగ్లా’ అంటే బెంగాల్ తీరు ఇల్లు. వెదురు వాసాలు, గడ్డి కప్పు, వాన నీళ్లు ఇట్టే జారిపోయేలా విల్లులా వంగిన చూరు. షాజహాన్ కాలంలో ఆగ్రా కోట మండపాలకూ ఆ వంపు కప్పు పెట్టారు. ఎంత అందంగా ఉంటుందో! 17వ శతాబ్దంలోనే ఈ మాట ఇంగ్లీషు వాళ్ల రాతల్లోకి ఎక్కింది. తర్వాత చుట్టూ వరండా చేరి దొరల నివాసమైంది, దారి పొడవునా ప్రయాణాల్లో ఉన్న అధికారులు బస చేసే డాక్ బంగళాలు వెలిశాయి. 1870 ప్రాంతంలో కెంట్ సముద్రతీరంలో సెలవు ఇళ్లుగా ఇంగ్లండ్‌లోనూ కట్టారు.

ఇక నా సందేహాలు. మనకిది ఉర్దూ నుంచి వచ్చిందా, ఇంగ్లీషు నుంచా? పెద్ద ఇల్లు అనే అర్థం కలెక్టర్ బంగళాల వల్లే స్థిరపడిందా? కోస్తాలో ‘బంగాళా పెంకు’ అంటామే, దానికీ దీనికీ చుట్టరికం ఉందా? ఆ పెంకుల ఫ్యాక్టరీని స్విట్జర్లాండ్ క్రైస్తవ సంస్థ బాసెల్ మిషన్ 1865లో పెట్టింది మంగళూరులో కదా, మరి బంగాళా ఎందుకైంది?

పాత నిఘంటువులు, దస్తావేజులు చూసినవాళ్లు దయచేసి చెప్పండి. మీ ఊళ్లో వేరే అర్థంలో వాడినా రాయండి.