ఉప్పాడ ఒడ్డుకి రాళ్ళ గోడా, మడ చెట్లా?

రమణయ్యపేట:
మొన్న వాయుగుండం తగ్గాక మన కాకినాడ దగ్గరి ఉప్పాడ బీచ్ రోడ్డుకి వెళ్ళాను. సగం తారు లేదు. గోడ రాళ్ళు రోడ్డు మధ్యలో పడి ఉన్నాయి, వాటి సందుల్లో చిరిగిన వల ముక్కలు, ఒక చిన్నపిల్లాడి చెప్పు. ప్రతి తుపానుకీ ఇదే తంతు. రాళ్ళు పోస్తారు, సముద్రం లాక్కుపోతుంది, మళ్ళీ టెండరు. అంతకుముందు వేసిన జియో ట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద బట్ట గొట్టాల) గోడా నిలవలేదు. పక్కనే 235 చదరపు కిలోమీటర్ల కోరంగి అభయారణ్యం ఉంది, అక్కడి మడ అడవి ఎన్ని తుపాన్లు చూసిందో! ఆ రాళ్ళ డబ్బుతో ఉప్పాడ పొడవునా మడ నాటితే పోయేదేముంది?

ఉప్పాడ కుర్రోడు:
అన్నా, మా ఇసుకలో మడ బతకదు. దానికి బురద కావాలి, నెమ్మదిగా వచ్చిపోయే పోటూ పాటూ కావాలి. కోరంగికి ముందు హోప్ ఐలాండ్ అడ్డంగా పడుకుని అలల దెబ్బ తను కాసుకుంటుంది. మాకెవరున్నారు? వేరు పట్టేలోపే కెరటం మొక్కని పీకేస్తుంది. మా తాత కట్టిన ఇల్లు ఎక్కడుండేదో చూపించాలంటే ఇప్పుడు పడవెక్కాలి. గోడ దండగ అనేవాళ్ళు ఒక్క అమావాస్య పోటుకి మా ఇంట్లో పడుకోండి, తర్వాత మాట్లాడుకుందాం.

తాళ్ళరేవు మాస్టారు:
కుర్రాడు చెప్పింది నిజం. కానీ రాయికి కొట్టుకున్న అల వెనక్కి పోతూ ముందున్న ఇసుకని కోసుకుపోతుంది. గోడ ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచి కోత మొదలు. ఉప్పాడ పక్కనున్న కోనపాపపేట వాళ్ళని అడగండి. పైగా గోదావరి తేవాల్సిన ఒండ్రులో చాలాభాగం ఎగువ ఆనకట్టల దగ్గరే ఆగిపోతోంది. గోడ కట్టినా, చెట్టు నాటినా ఆ లోటు తీరేది కాదండి.

మడ వేయాల్సింది కాకినాడ అఖాతం లోపల, ఒకప్పుడు ఉండి పోయిన చోట. అదీ నాలుగు మొక్కలు పాతి ఫొటో దిగితే రాదు. చెట్లు కొట్టేసిన నేల కుంగి గిన్నెలా అవుతుంది. పోటు నీళ్ళు వచ్చి అందులోనే నిలిచి, ఎండకి ఆవిరై, ఉప్పు పేరుకుంటుంది. అందుకే చేప ముల్లులాగా మధ్యలో పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలవలు తవ్వుతారు. రోజూ నీళ్ళు వచ్చి పోతుంటే ఉప్పు కడుక్కుపోతుంది, కాలవ గట్ల మీద నాటిన మొక్క నిలుస్తుంది. మన గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఇలాగే మడ పెంచారు.

జగన్నాథపురం:
మాస్టారూ, ఆ కాలవల్లోకి వచ్చే నీళ్ళు ఎలాంటివో చూశారా? పాటు వేళ మా వంతెన మీద నిలబడి ఉప్పుటేరులోకి తొంగి చూడండి. పడవల చుట్టూ నల్ల నీళ్ళు, తేలే సంచులు. ఊరి మురుగు ఉప్పుటేరులోకి, అది అఖాతంలోకి. మడ ఊపిరి వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయి కదా, వాటికి ప్లాస్టిక్ చుట్టుకుంటే ముక్కు మూసినట్టే. 2016లో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలోనే మన కాకినాడ పేరు వచ్చిందని స్వీట్లు పంచుకున్నాం. మా వీధిలో మాత్రం పోయినేడు డ్రైనులో పూడిక తీసి గట్టునే పోసి వెళ్ళారు. మొదటి వానకే అదంతా మళ్ళీ లోపలికి. ముందు ఇది చూడండి.

రొయ్యల చెరువు:
మమ్మల్ని ఇంకా తిట్టలేదేంటా అని చూస్తున్నాను. చెరువు నీళ్ళు శుద్ధి చేయకుండా డ్రైనులోకి వదలడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ రెండెకరాల కౌలు రైతు నీళ్ళు తేర్చడానికి ఇంకో చెరువు ఎక్కడ తవ్వుతాడు? పైవాడు వదిలిన నీళ్ళే మేం తోడుకుంటాం, వాడి వైరస్సూ మాకే వస్తుంది. డ్రైను బాగుండాలని మీకన్నా మాకే ఎక్కువ టెన్షన్.

రమణయ్యపేట:
సరే, ఉప్పాడలో మడ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గోడ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఏటా పోసే రాళ్ళ ఖర్చుతో ఆ ఇళ్ళని రెండు, మూడు కిలోమీటర్లు లోపలికి మార్చి పక్కా ఇళ్ళు కట్టించవచ్చు.

ఉప్పాడ కుర్రోడు:
ఇల్లు మారుస్తావు సరే అన్నా. పడవ ఒడ్డు మీద, నేను మూడు కిలోమీటర్ల అవతల మేడ మీద. అర్ధరాత్రి కెరటం లేస్తే పడవ పైకి లాగడానికి ఎవరొస్తారు?